ఇరవై రెండో గీత

జూన్ 2

తమ్ముడూ,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. నీ గుడిసె దగ్గర ఫోన్ పలకదు, వైర్‌లెస్ సెట్టులో ఆఫీసు మాటలు తప్ప ఇంటి మాటలు చెప్పకూడదు. అందుకే వారానికోసారి నీకు సరుకులు తెచ్చే జీపు డ్రైవరు చేతిలో ఇది పెడుతున్నాను. ఈసారైనా సీటు కింద మరిచిపోవద్దని గట్టిగా చెప్పాను.

విషయమేమిటంటే, ఈ ఏడు వానలకి ముందే పల్లపు వీధులన్నీ తమ జాగ్రత్తలు తామే రాసుకోవాలని వరద ఆఫీసు కాగితం పంపింది. మా వీధిలో మీటింగు పెట్టారు. మందుల షాపాయన గంటసేపు మాట్లాడి, చివరికి "అందరూ జాగ్రత్తగా ఉండాలి" అని కూర్చున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండి లేచాను. "ఇప్పుడు వంతెన దగ్గర ఇన్ని అడుగులని మాత్రమే మైకులో చెప్తారు. ఆ అంకెకి నీళ్లు మన గుమ్మంలో ఎంతదాకా వస్తాయో ఎవరికైనా తెలుసా?" అని అడిగాను. మందుల షాపాయన ఆ కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు.

కాబట్టి ప్రతి ఇంటి గోడ మీదా గీతలు గీస్తాను. పక్కన అంకె వేస్తాను. నువ్వు వంతెన దగ్గర నీళ్లు కొలిచే గేజీ చూసి 20 అంటే నీళ్లు ఈ 20 గీతదాకా వస్తాయి, 21 అంటే దాని పైగీతదాకా. చదువు రానివాళ్లు కూడా గోడ చూసి లేస్తారు. బోర్డులు రాసే చెయ్యేగా, మీ బావ పోయాక ఈ పదకొండేళ్లూ అన్నం పెట్టింది అదే.

నాకు నీ రిజిస్టర్ల నుంచి పాత వరదల అంకెలు కావాలి. నాన్న కాలంవి చాలు. ఆ నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఇక్కడి పెద్దవాళ్లకి గుర్తుంది.

వానలు పడితే కట్టుకోవడానికి మఫ్లరు ఉందా? నిరుడు పంపింది ఎలక కొట్టేసిందన్నావు. ఎలకకైనా పనికొచ్చింది.

అక్క


జూన్ 9

అక్కకి,

ఉత్తరం అందింది. ఈసారి సీటు కింద కాదు, స్పేరు టైరు కింద దొరికింది.

నువ్వడిగినవి. నాన్న గేజీ చూసిన ఇరవై ఎనిమిదేళ్లలో మీ వీధిలోకి నీళ్లొచ్చింది మూడుసార్లు. మొదటిసారి 20 అడుగులు. రెండోసారి 22. మూడోసారి 23. మూడూ నాన్న చేతిరాతలో, సిరాతో, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్నాయి. ఇక్కడ అడుగు పెరిగితే ఏడు గంటల తరవాత మీ వీధిలో అడుగు పెరుగుతుందన్న లెక్క నీకు తెలిసిందే.

నాలుగోది నాది. నువ్వు అడగలేదు. ఎందుకు అడగలేదో తెలుసు. అది కూడా రిజిస్టర్లో 22 అనే ఉంది. పక్కన ఎర్రసిరాతో "చదవడంలో రెండడుగుల తప్పు" అని విచారణాధికారి రాసి సంతకం పెట్టాడు. నాన్న 22కి మీ వీధిలో మూడడుగులొస్తే, నా 22కి ఐదడుగులు రావడం కుదరదు కాబట్టి, ఆ రోజు ఇక్కడ 24 ఉండి ఉండాలని వాళ్ల లెక్క. ఆ వానలో నేను మూడుసార్లు మెట్లు దిగి చూశాను. మూడుసార్లూ 22. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే అదే కనబడుతుంది. కానీ బావ లేడు. కాబట్టి నాది తప్పే అయ్యుండాలి. దాన్ని లెక్కలోకి తీసుకోకు.

ఇక్కడ మామూలే. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకి, సాయంత్రం ఏడింటికి మెట్లు దిగడం, అంకె చూడటం, సెట్టులో చెప్పడం. రోజు మొత్తం మీద మనిషితో మాట్లాడేది ఆ మూడు అంకెలే. అవతలివాడు "అందింది" అంటాడు. మొన్న ఒకరోజు "అందిందండీ" అన్నాడు. ఆ "అండీ"ని ఆ పూటంతా తలుచుకున్నాను.

నాన్నకిచ్చిన ప్రశంసాపత్రం ఫ్రేము చెద పట్టకుండా కిరోసిన్ గుడ్డతో తుడిచాను. "ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్క పొరపాటు లేని సేవకు." బల్లకి ఎదురుగానే ఉంది. తలెత్తితే కనబడుతుంది.

ఈ ఉదయం ఏడింటికి నీటిమట్టం ఆరడుగుల రెండంగుళాలు.

తమ్ముడు


జూన్ 24

ఒరేయ్ తమ్ముడూ,

గీతలు అయిపోయాయి. నలభై మూడు ఇళ్లు. మోకాళ్లు నావి కావనిపిస్తోంది.

ఒక్కో ఇంటి ముందూ ఒక్కో పంచాయితీ. ఇస్త్రీ బండాయన "గీత మరీ పైన గీస్తున్నావు, మా ఆవిడ బెంగ పెట్టుకుంటుంది, కాస్త దించమ్మా" అన్నాడు. "నేను దించితే నీళ్లు దిగుతాయా?" అన్నాను. "నువ్వు చెప్తే దిగినా దిగుతాయి, మీ నోరలాంటిది" అన్నాడు. మూలింటి టీచరమ్మ మాత్రం స్కేలు తెచ్చి నా వెనకే కొలుచుకుంటూ వచ్చింది. అంగుళం అటూ ఇటూ అయితే చాక్‌పీసుతో సున్నా చుట్టేది.

గీతలొక్కటే కాదు. వీధి మలుపులో నల్లబోర్డు మళ్లీ పెట్టాం. కంట్రోల్ రూము చెప్పిన అంకె గంటగంటకీ దాని మీద రాయడం నా పని. 18 రాయగానే బడి గంట కొడతారు. 19కి నడవలేనివాళ్లని బడి మేడ మీదకి చేర్చాలి. ఎవరిని ఎవరు ఎత్తుకోవాలో వాళ్ల గోడ మీదే రాశాను. మందుల షాపాయన వాళ్లమ్మని ఇస్త్రీ ఆయన ఎత్తుకోవాలి. వాళ్లిద్దరికీ ఆరేళ్లుగా మాటల్లేవు. "మాట్లాడక్కర్లేదు, ఎత్తుకుంటే చాలు" అన్నాను.

22 గీత మందుల షాపు గోడ మీద, మెట్టెక్కి నిలబడితే, సరిగ్గా నా గడ్డం దగ్గరికొచ్చింది. ఎర్రరంగు వేశాను. వేశాక అక్కడే కాసేపు నిలబడ్డాను.

మా షాపు గోడ మీద చివర్న గీశాను. వెనకగోడ కొత్తదే కదా. పాతది ఆ రోజే పోయింది.

అక్క


జూలై 1

అక్కకి,

మొన్న చిన్న ఇంజనీరు తనిఖీకి వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. గమ్‌బూట్లు గుమ్మం బయటే విప్పాడు. టీ ఇచ్చాను. మీ వీధి గీతలు చూసొచ్చాడట. బాగా చేశారని మెచ్చుకున్నాడు. తరవాత ఫైలు తీసి, "మీ నాన్నగారి రికార్డులో 22కి నీళ్లు కిటికీ గడప దాకా వచ్చినట్టుంది. మీ అక్కగారు 22ని గడ్డం దగ్గర గీశారు. ప్రతి గీతా రెండడుగులు పైనుంది. ఎందుకంటారు?" అని అడిగాడు.

నాకు తెలీదన్నాను.

ఆయన వెళ్లాక నీ ఉత్తరం తీసి మళ్లీ చదివాను. తెలిసింది. ఆ రెండడుగులూ నావి. నేను ఎప్పుడు చదివినా రెండు తక్కువ చదువుతానని నీ లెక్క. వాడు 22 అన్నాడంటే 24 అనుకోండి అని నలభై మూడు గోడల మీద ఎర్రరంగుతో రాశావు.

విచారణలో నా వైపు ఒక్క మాట కూడా మాట్లాడలేదు నువ్వు. ఆ రోజుల్లో నీ మీద పడ్డది తలుచుకుని నేనేమీ అనలేదు. పదకొండేళ్ల తరవాత గోడలెక్కించి చెప్పాలా? ఒక ఉత్తరమ్ముక్క రాస్తే సరిపోయేది కదా.

తమ్ముడు


జూలై 8

తమ్ముడూ,

నువ్వనుకున్నది కాదు. ఒట్టు.

ఇంజనీరు నిన్న మళ్లీ వచ్చి, ఈ నెలాఖరులోగా గీతలన్నీ రెండడుగులు దించమని కాగితం ఇచ్చాడు. లేకపోతే ఆఫీసు పెయింటర్లే వచ్చి దించుతారట. మరీ పైన గీస్తే జనం రెండుసార్లు ఊరికే పరుగెత్తి, మూడోసారి లేవరని ఆయన భయం. అదీ నిజమే. వీధిలో సగంమంది ఆయన వైపు. "ఆవిడకి ఆ రోజు నుంచి నీళ్లంటే భయం, అందుకే పైన గీసింది" అని మందుల షాపాయన నా ఎదుటే అన్నాడు, నేనక్కడ లేనట్టు.

నేను దించను. ఎందుకని మాత్రం ఇప్పుడు అడగకు.

నీ ఉత్తరంలో నీటిమట్టం రాయలేదు. నువ్వు ఇక్కడికి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాక ఇదే మొదటిసారి.

అక్క


జూలై 13

అక్కకి,

కారణముంటే ఇంజనీరుకి రాసివ్వు. ఆయన మళ్లీ సెట్టులో నన్నడిగితే, రిజిస్టర్లో ఉన్నదే సరైనదని చెప్పాను. నాన్న అంకెలు తప్పని నేనెలా అంటాను?

మీ వీధికి నేను ఎందుకు రానో నువ్వెప్పుడూ అడగలేదు. సెలవు దొరక్క కాదు. నాలుగేళ్ల కిందట జీపులో మీ మలుపుదాకా వచ్చాను. మీ షాపు బోర్డు కనబడింది, నువ్వు నిచ్చెన మీద ఉన్నావు. మొహం చెల్లక అదే జీపులో వెనక్కొచ్చేశాను. డ్రైవర్ని అడుగు, చెప్తాడు. ఆయన దగ్గర ఉత్తరాలు నిలవవు గాని ఇలాంటివి నిలుస్తాయి.

ఇక ఈ విషయం నాకు రాయకు.

తమ్ముడు


జూలై 15

తమ్ముడూ,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. నిలబడి చదవకు, కూర్చో.

ఆ గుడిసెలో నేను పదకొండో ఏట నుంచి పెళ్లయ్యేదాకా ఉన్నాను. నువ్వప్పుడు చిన్నవాడివి, మెట్ల దగ్గరికి రానిచ్చేవాళ్లం కాదు. నాన్నకి పొద్దున మోకాళ్లు పట్టేసేవి. దిగి గేజీ చూసేదాన్ని నేను. చూసిన అంకెని రిజిస్టరు అంచున పెన్సిల్‌తో రాసేదాన్ని. నాన్న వచ్చి దాన్ని సిరాతో గడిలో ఎక్కించి, పెన్సిల్ చెరిపేసేవాడు.

పెన్సిల్ అంకె, సిరా అంకె ఒకటి కాదు. సిరా అంకె ఎప్పుడూ రెండడుగులు ఎక్కువ.

అడిగాను ఒకసారి. చెప్పాడు. మనం ఆ గుడిసెకి రాకముందు ఒక ఏడు నది పొంగితే, ఉన్నదున్నట్టు పంపాడట. ఆఫీసులో ఆ కాగితం టీగ్లాసు కింద పెట్టి మరిచిపోయారు. కింద పల్లెలో ఐదుగురు పోయారు. "భయపడితే గాని కదలరమ్మా, అందుకని కాస్త భయం కలుపుతున్నా" అన్నాడు. కొన్నాళ్లకి ఆఫీసు గుమస్తా కనిపెట్టాడు. అప్పట్నుంచి నాన్న అంకె రాగానే రెండు తీసి చూసేవాడు. నాన్నకీ అది తెలుసు. "నేను రెండు కలుపుతాను, వాళ్లు రెండు తీస్తారు, చివరికి సరిపోయింది" అని నవ్వేవాడు. అందరికీ తెలుసు. ఎవరూ ఎక్కడా రాసుకోలేదు.

తరవాత ఆ పనిలోకి నువ్వొచ్చావు. నీకెవరూ చెప్పలేదు. నువ్వు చూసిందే పంపావు. ఆ రోజు నువ్వు పంపిన 22 నిజమైన 22. గుమస్తా అలవాటు కొద్దీ రెండు తీశాడు. మైకులో 22 అన్నాక, వీధిలోకి మూడడుగులే వస్తాయని చెప్పించాడు. ఐదడుగులొచ్చాయి.

నువ్వు తప్పు చదవలేదు. ఒక్క అంగుళం కూడా.

ఇంకా ఉంది. ఆ రోజు మలుపులో బోర్డు మీద 22 అని రాసింది మీ బావే. రాసొచ్చి నన్నడిగాడు, "మీ ఇంటి లెక్కలు కదా, ఏమంటావు? షాపు మూసి బడికి రానా?" అని. నేను, "22 అంటే కిటికీ గడప దాకానే, చూసిన నీళ్లే. బోర్డులన్నీ బల్ల మీదకెత్తి నిదానంగా రా" అన్నాను. నాన్న 22 గుర్తొచ్చింది నాకు. నీది నాన్న 22 కాకపోవచ్చని ఆ వీధిలో తెలిసే వీలున్నది నాకొక్కదానికే. ఆలోచించలేదు. ఆయన నిదానంగానే ఉన్నాడు. వెనకగోడ కూలింది.

ఈ రెండడుగుల సంగతి చెప్పేద్దామని విచారణకి ముందే నాన్నతో అన్నాను. ఆయన "నేను పోయాక చెప్పు" అన్నాడు. నిన్ను ఉద్యోగంలోంచి తియ్యరని, ఒక ఎర్రసిరా ముక్కతో పోతుందని ఆయన లెక్క. రెండేళ్లకి ఆయన పోయాడు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. నాన్న పరువు కోసం అని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. అది కాదు. నీకిది చెప్పాలంటే బావని ఉండమన్నది నేనేనని కూడా చెప్పాలి.

ఇప్పుడు గీతలు దించితే మళ్లీ నాన్న 22 గోడకెక్కుతుంది. నువ్వు మాత్రం నిజం 22 పంపుతావు.

ఆ రిజిస్టర్లు తీసి, కిటికీ దగ్గర పేజీని ఏటవాలుగా పట్టుకుని చూడు. నాన్న చెరిపాడు గాని, నేను చిన్నప్పుడు గట్టిగా నొక్కి రాసేదాన్ని.

అక్క


ఆగస్టు 12

తమ్ముడూ,

నాలుగు జీపులొచ్చాయి. నీ ఉత్తరం రాలేదు. స్పేరు టైరు కిందా చూశాను.

గడువుకి ఒకరోజు ముందు ఇంజనీరు వచ్చాడు. పెయింటర్లు లేరు, ఒక్కడే. గోడ దగ్గర నిలబడి, "ఉంచండమ్మా" అన్నాడు. ఎందుకని అడిగితే గొడుగు సర్దుకుంటూ వెళ్లిపోయాడు. నువ్వేం చేశావో నాకు తెలీదు. కోపంతో చేశావో, ఎలా చేశావో అదీ తెలీదు.

నిన్న జరిగింది రాస్తాను. నీకు తెలియాలి.

పొద్దున ఆరింటికి 18 అని కంట్రోల్ రూము చెప్పింది. రాశాను. గంట కొట్టారు. ఎనిమిదింటికి 19. ఇస్త్రీ ఆయన వచ్చి మందుల షాపు ముందు నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా లోపలికెళ్లి ముసలామెని ఎత్తుకొచ్చాడు. ఆమె మాత్రం దారంతా మాట్లాడింది. "ఆరేళ్లలో ఇంత సన్నబడ్డావేంరా" అందట.

పదింటికి 21. ఈ అంకె నీదేనా, మధ్యలో ఎవరైనా ఏదైనా తీశారా అనిపించింది. కంట్రోల్ రూముకి ఫోన్ చేసి, "గేజీ ఆయన చెప్పిన మాట చెప్పినట్టు చెప్పండి" అన్నాను. అవతలి అమ్మాయి, "ఇరవై ఒకటి. ఆయన మూడుసార్లు చెప్పారండీ. కలపొద్దు, తియ్యొద్దు అన్నారు" అంది.

21 అని రాశాను. కలపలేదు, తియ్యలేదు.

మందుల షాపాయన ఒక్కడూ కదల్లేదు. ఫ్రిజ్జు బెంచీ మీదకెక్కించి పక్కన కూర్చుంటానన్నాడు. పాత లెక్కలో 21 అంటే రెండడుగులేనట. బెంచీ రెండున్నర అడుగులు. టీచరమ్మ స్కేలు పట్టుకునే వచ్చింది. నేను ఆయన్ని బతిమాలలేదు. "పదకొండేళ్ల కింద మా ఆయన్ని బల్ల దగ్గర ఉండమన్నది నేనే. నిన్నుండమనను" అని ఆయన మొహం మీదే చెప్పాను. వీధిలో నలుగురూ విన్నారు. ఆయన షట్టరు వేసి మా వెంట నడిచాడు.

నీళ్లు మధ్యాహ్నం పన్నెండింటికి వీధిలోకొచ్చాయి. మేడ మీద నుంచి చూస్తున్నాం. 18 గీత మునిగింది, 19, 20. అందరూ గీతలు లెక్కపెడుతున్నారు. సాయంత్రం ఐదింటికి మందుల షాపు గోడ మీద 21 గీతకి రెండు వేళ్ల కింద ఆగాయి. అరగంట అలాగే నిలబడి, తరవాత తగ్గడం మొదలుపెట్టాయి.

ఎవరూ పోలేదు. ఫ్రిజ్జు పోయింది. ఇస్త్రీ బండి మూడు వీధుల అవతల దొరికింది.

అందరూ నా చుట్టూ చేరి ఏవేవో అన్నారు. నాకు ఒక్కళ్లతో మాట్లాడాలనిపించింది. ఆ మనిషి అక్కడ లేడు.

నీకు రాయాలనిపిస్తేనే రాయి.

అక్క


ఆగస్టు 19

అక్కకి,

నీ జూలై ఉత్తరం చదివాక నాలుగు రోజులు మెట్లు దిగడం తప్ప ఏమీ చెయ్యలేదు. ఐదో రోజు రిజిస్టర్లు కిటికీ దగ్గరికి తెచ్చాను. నువ్వు చెప్పినట్టే పేజీని ఏటవాలుగా పట్టుకున్నాను. కనబడ్డాయి. నలభై ఒక్క పేజీల్లో అంకె తెలిసేలా ఉంది. నలభై ఒక్కట్లోనూ తేడా రెండే. నీకు రాయాల్సింది ముందు ఇంజనీరుకి రాసి, ఆ రిజిస్టర్లు రెండు సంచుల్లో పెట్టి జీపులో పంపాను. నాన్న పేరు రాయాల్సొచ్చింది. రాశాను. ఎర్రసిరా కొట్టేయడానికి టైము పడుతుందట. పట్టనీ.

ఒక పేజీ మాత్రం పంపడానికి ముందు చాలాసేపు చూశాను. అంచున నీ రాత. "తమ్ముడికి జ్వరం. నాన్న మందుకి వెళ్లాడు. నేనే చూశాను. 9." ఎదురుగా గడిలో సిరాతో 11. నాన్న తిరిగొచ్చి, నది వైపు కూడా చూడకుండా రెండు కలిపాడన్నమాట.

నీ మీద కోపం పోయిందని రాయలేను. పదకొండేళ్లు పొద్దున్నే ఆ ఫ్రేము కింద కూర్చుని టీ తాగాను. అది ఇంకా గోడ మీదే ఉంది. తియ్యాలో ఉంచాలో నాకు తోచడం లేదు.

బావ సంగతి. నువ్వు ఉండమన్నది నా అంకె చూసి. నేను పంపింది నిజం అంకె. ఈ రెంటి మధ్యా ఎవరెవరున్నారో ఇప్పుడు నాకు తెలుసు. అంతకన్నా ఏం రాయాలో తెలీదు.

పని విషయం ఒకటి. మొన్నటి వరదకి గేజీ పలక మీద అంకెలు వెలిసిపోయాయి. 12 పైన సగం కనబడటం లేదు. ముప్పై అడుగులు, అడుగడుగుకీ అంకె, అంగుళానికొక గీత. పెయింటర్ని పంపమని ఆఫీసుకి రాశాను. ఎవరిని పంపాలో కూడా రాశాను. వచ్చే జీపులో ముందు సీటు ఖాళీగా ఉంటుంది. నల్లరంగు, ఎర్రరంగు తెచ్చుకో. మెట్లు పాచి పట్టాయి, నీ మోకాళ్లతో ఒక్కదానివే దిగకు, నేనుంటాను. రెండో కప్పు కడిగి పెట్టాను.

ఈ ఉదయం ఏడింటికి నీటిమట్టం పదకొండడుగుల నాలుగంగుళాలు.

తమ్ముడు